నర్సంపేటలో ఎలక్ట్రికల్ శిక్షణ కేంద్రం పెట్టడానికి ఏ అనుమతి కావాలి, సర్టిఫికెట్ ఎవరు ఇవ్వాలి?

ప్రశ్న: నర్సంపేట వైండింగ్

అందరికీ నమస్కారం. నాకు నర్సంపేటలో మోటారు రివైండింగ్, హౌస్ వైరింగ్ దుకాణం ఉంది. పాకాల ఆయకట్టులోనూ, చుట్టుపక్కల బోర్ల కింద సాగు చేసే ఊళ్లలోనూ కాలిపోయే వ్యవసాయ మోటార్లే మా బతుకుదెరువు. పదో తరగతి అయిపోయిన పిల్లలు పని నేర్చుకోవడానికి ఏటా కొందరు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఇన్నాళ్లూ వాళ్ల దగ్గర రూపాయి తీసుకోకుండానే నేర్పాను. పని వచ్చాక కొందరు సొంత దుకాణాలు పెట్టుకున్నారు, కొందరు హైదరాబాద్ వెళ్లారు. ఇప్పుడు దుకాణం పైఅంతస్తు ఖాళీగా ఉంది కాబట్టి అక్కడ ఆరు నెలల కోర్సు ఒకటి పద్ధతిగా మొదలుపెట్టి, ఫీజు తీసుకుని నేర్పాలని అనుకుంటున్నాను. అయితే విషయం చెప్పగానే తల్లిదండ్రులు అడిగే మొదటి మాట, "సర్టిఫికెట్ ఇస్తరా, అది నౌకరికి పనికొస్తదా?" అన్నదే.

ఈ మధ్య హనుమకొండ నుంచి ఒకాయన వచ్చి, కొంత మొత్తం కట్టి తమ సంస్థ ఫ్రాంచైజీ తీసుకుంటే "జాతీయ స్థాయి ఎలక్ట్రీషియన్ డిప్లొమా" సర్టిఫికెట్లు తామే పంపుతామనీ, పరీక్ష కూడా మా కేంద్రంలోనే మేమే పెట్టుకోవచ్చనీ చెప్పారు. సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం, ఐఎస్‌ఓ సర్టిఫికెట్, ఉద్యమ్ నమోదు పత్రం చూపించారు. అన్నింటి మీదా ప్రభుత్వ ముద్రలాంటివే కనిపిస్తున్నాయి కాబట్టి కాదనడానికి నాకు కారణం తోచలేదు, కానీ సంతకం పెట్టడానికి మనసు కూడా ఒప్పలేదు. మున్సిపాలిటీలో అడిగితే ట్రేడ్ లైసెన్సు తీసుకుంటే చాలన్నారు. విద్యాశాఖ కార్యాలయంలో అడిగితే ఇది తమ పరిధిలోది కాదన్నారు.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. ఇటువంటి ప్రైవేటు వృత్తి శిక్షణ కేంద్రానికి రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇస్తుందా, ఇస్తే ఏ శాఖ ఇస్తుంది? నా కేంద్రం పేరు మీద నేనే సర్టిఫికెట్ ఇవ్వడం నేరమా? ఆ ఫ్రాంచైజీ ఆయన చూపిన పత్రాలకు నిజంగా విలువ ఉందా? ఈ రంగంలో పనిచేసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: విశ్రాంత డీటీవో, వరంగల్

నమస్కారం. నేను ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ (ఐటీఐలో ఒక్కో వృత్తి కోర్సును ట్రేడ్ అంటారు) బోధించి, డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. మీరు మంచి సమయంలో అడిగారు. డబ్బు కట్టిన తరువాత ఈ ప్రశ్న అడిగేవాళ్లే నాకు ఎక్కువగా తారసపడ్డారు.

ముందుగా స్పష్టం చేయవలసిన సంగతి ఏమిటంటే, ప్రైవేటు వృత్తి శిక్షణ కేంద్రాలన్నింటికీ వర్తించే ఒకే లైసెన్సు అంటూ మన రాష్ట్రంలో లేదు. మీరు నేర్పే పనిని బట్టి, దాని చివర మీరు ఇవ్వదలచిన పత్రాన్ని బట్టి శాఖ మారుతుంది. పాలిటెక్నిక్ డిప్లొమా అయితే అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఆమోదం, రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి అనుబంధం అవసరం. ఇంటర్మీడియట్ వొకేషనల్ అయితే ఇంటర్ బోర్డు. ల్యాబ్ టెక్నీషియన్, డయాలిసిస్ వంటి కోర్సులు పారామెడికల్ బోర్డు పరిధిలోనివి. వాటి జోలికి అనుమతి లేకుండా ఎవరూ వెళ్లకూడదు. మీరు చెబుతున్న ఎలక్ట్రీషియన్ పని ఐటీఐల కోవలోకి వస్తుంది. ఐటీఐలను రాష్ట్రంలో ఉపాధి, శిక్షణ శాఖ సంచాలకుల కార్యాలయం చూస్తుంది; కేంద్రంలో నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖ కింద ఉన్న శిక్షణ డైరెక్టరేట్ జనరల్ (డీజీటీ) చూస్తుంది.

1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకమే ఈ ఐటీఐ వ్యవస్థకు పునాది. 1956లో జాతీయ వృత్తి శిక్షణ మండలి (ఎన్‌సీవీటీ) ఏర్పడిన తరువాత దేశమంతటా ఒకే పాఠ్యప్రణాళిక, ఒకే పరీక్ష, ఒకే సర్టిఫికెట్ వచ్చాయి. ఈ రోజు దేశంలో ఉన్న 14 వేలకు పైగా ఐటీఐలలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రైవేటువే. కాబట్టి ప్రైవేటు అన్నంత మాత్రాన తక్కువ చూపు అవసరం లేదు. అయితే ప్రైవేటు ఐటీఐ పెట్టాలంటే సొసైటీగానో ట్రస్టుగానో కంపెనీగానో దరఖాస్తు చేసి, ట్రేడుకు నిర్ణయించిన వర్క్‌షాప్ వైశాల్యం, పరికరాల జాబితా, విద్యుత్ లోడు, తగిన అర్హతలున్న ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నట్టు తనిఖీలో చూపించాలి. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లది, ఒక యూనిట్‌కు, అంటే ఒక బ్యాచ్‌కు, 20 మంది. దుకాణం పైఅంతస్తులో ఇది సాధ్యపడదు. మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి కాదు, ఖర్చు ఎంత దూరం పోతుందో ముందే తెలియాలని చెబుతున్నాను.

ఇక్కడే చాలామంది గమనించని ఒక సంగతి ఉంది. ఐటీఐలో గుర్తింపు భవనానికి గానీ బోర్డుకు గానీ రాదు, ట్రేడుకూ యూనిట్‌కూ వస్తుంది. ఫిట్టర్ ట్రేడులో రెండు యూనిట్లకు అనుబంధం ఉన్న సంస్థ, అదే ఆవరణలో అనుబంధం లేని వేరే ట్రేడులో పిల్లలను చేర్చుకుంటే ఆ పిల్లలకు అఖిల భారత ట్రేడ్ పరీక్షకు హాల్ టికెట్ రాదు. "మాది గుర్తింపు పొందిన సంస్థ" అనే మాట నిజమే కావచ్చు, ఆ పిల్లవాడి విషయంలో మాత్రం అది అబద్ధమే అవుతుంది. అందుకే మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు నేను సంస్థ పేరు కాదు, ట్రేడు పేరు, యూనిట్ల సంఖ్య పోర్టల్‌లో చూసుకోమని చెప్పేవాణ్ణి.

తక్కువ కాలపు కోర్సులకు వేరే దారి ఉంది. 2018 డిసెంబరు 5న కేంద్రం ఎన్‌సీవీఈటీ అనే వృత్తి విద్య, శిక్షణల జాతీయ నియంత్రణ మండలిని ప్రకటించింది; 2020 నుంచి అది పనిచేస్తోంది. అది నేరుగా మీలాంటి కేంద్రాలకు లైసెన్సు ఇవ్వదు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలను, పరీక్ష నిర్వహించే సంస్థలను గుర్తిస్తుంది. ఒక్కో పరిశ్రమ రంగానికి ఏర్పడిన సెక్టార్ స్కిల్ కౌన్సిళ్లు, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ నీలిట్, డీజీటీ వంటివి అలా గుర్తింపు పొందిన సర్టిఫికెట్ సంస్థలే. మీ కేంద్రం వాటిలో ఒకదానికి శిక్షణ కేంద్రంగా నమోదు కావాలి. కోర్సు జాతీయ అర్హతల రిజిస్టరులో ఉండాలి. పరీక్షకు బయటి నుంచి అసెసర్ రావాలి. మీ దగ్గరికి వచ్చిన ఆయన "పరీక్ష మీరే పెట్టుకోవచ్చు" అన్నారంటే, నా దృష్టిలో ఆ ఒక్క మాటతోనే ఆయన సంగతి తేలిపోయింది. నేర్పినవాడే పరీక్షించి, నేర్పినవాడే ఉత్తీర్ణుణ్ణి చేసే పద్ధతి ఈ రెండు వ్యవస్థల్లో ఎక్కడా లేదు.

ఇదివరకే మీ దగ్గర పని నేర్చుకుని ఇప్పటికే సంపాదిస్తున్న పిల్లలు ఉన్నారన్నారు. వాళ్లకు కొత్తగా కోర్సు అక్కరలేదు. పూర్వ అభ్యాసానికి గుర్తింపు అనే పద్ధతిలో, అంటే ఆర్‌పీఎల్ కింద, వాళ్లు చేసి చూపిన పనిని అసెసర్ పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. మీరు ముందు అటువైపు చూడటం మంచిదని నా సలహా.

జవాబు: న్యాయవాది, సుబేదారి

డీటీవో గారు శాఖల సంగతి చెప్పారు కాబట్టి నేను చట్టం వైపు నుంచి మాత్రమే రాస్తాను.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని ఉమ్మడి జాబితా 25వ అంశంలో విద్యతో పాటు "కార్మికుల వృత్తి, సాంకేతిక శిక్షణ" కూడా ఉంది. అంటే రాష్ట్రం కూడా దీని మీద చట్టం చేయవచ్చు. మన దగ్గర 1982 నాటి విద్యా చట్టం ఉంది. 20వ సెక్షను ప్రకారం విద్యాసంస్థ స్థాపించడానికి అనుమతి కావాలి. కానీ ఆ చట్టం పాఠశాలలను, కళాశాలలను మనసులో పెట్టుకుని రాసింది. వైండింగ్, కుట్టుపని, సెల్‌ఫోన్ రిపేరు నేర్పే ఆరు నెలల కేంద్రాన్ని దాని కింద ఎవరూ తనిఖీ చేయరు. విద్యాశాఖ వారు తమది కాదనడం అందువల్లే. మరోవైపు ఎన్‌సీవీఈటీ శాసనం ద్వారా కాక కేంద్ర ప్రభుత్వ తీర్మానం ద్వారా ఏర్పడిన సంస్థ. ఏఐసీటీఈకి 1987 నాటి చట్టం అండ ఉన్నట్టు దీనికి లేదు. తాను గుర్తించిన సంస్థల గుర్తింపును రద్దు చేయగలదు గానీ, గుర్తింపే అడగని దుకాణానికి తాళం వేయించే శక్తి దానికి లేదు. ఈ రెండింటి మధ్య ఖాళీలోనే మీ దగ్గరికి వచ్చినటువంటి ఫ్రాంచైజీలు పుట్టుకొస్తున్నాయి.

ఇక మీ ప్రశ్న, సొంత పేరు మీద సర్టిఫికెట్ ఇవ్వడం నేరమా అన్నది. కాదు. టీఎంఏ పాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం, విద్యాసంస్థ నడపడం కూడా వృత్తి స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 19(1)(జి) అధికరణ కింద ఒక వృత్తేనని చెప్పింది. మీరు పని నేర్పవచ్చు, ఫీజు తీసుకోవచ్చు, "ఫలానా వ్యక్తి మా దగ్గర ఆరు నెలలు ఈ పని నేర్చుకున్నాడు" అని కాగితం ఇవ్వవచ్చు. నేరం మొదలయ్యేది లేని గుర్తింపును ఉన్నట్టు చూపినప్పుడు. సర్టిఫికెట్ మీద మూడు సింహాల చిహ్నం అచ్చువేస్తే 2005 నాటి రాజ్య చిహ్నం చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గుర్తింపు ఉందని నమ్మించి ఫీజు వసూలు చేస్తే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద మోసం అవుతుంది. దాని గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఆ సర్టిఫికెట్లు హనుమకొండ నుంచి వచ్చినా, విద్యార్థి చేతికి ఇచ్చి డబ్బు తీసుకున్నది మీరు కాబట్టి మొదటి ఫిర్యాదు మీ మీదే పడుతుందని మరచిపోవద్దు. ఒప్పంద పత్రంలో "గుర్తింపు విషయంలో బాధ్యత ఫ్రాంచైజీదారుదే" అన్న వాక్యం ఎక్కడైనా చిన్న అక్షరాలతో ఉందేమో ఒకసారి చూడండి. నేను చూసిన అటువంటి ఒప్పందాల్లో ఆ అర్థం వచ్చే వాక్యం ఏదో ఒక రూపంలో ఉంది.

ఆయన చూపిన పత్రాల గురించి. సొసైటీ రిజిస్ట్రేషన్ అంటే కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారనే. ఉద్యమ్ నమోదు అంటే తాము చిన్న పరిశ్రమ నడుపుతున్నామని స్వయంగా ప్రకటించుకున్నారనే. ఐఎస్‌ఓ 9001 సంస్థ నిర్వహణ పద్ధతికి సంబంధించినది, కోర్సుకు కాదు. పైగా దాన్ని ఇచ్చేది ప్రభుత్వం కాదు. ఈ మూడు పత్రాలూ నిజమైనవే అయి ఉండవచ్చు, అయినా ఎలక్ట్రీషియన్ కోర్సుతో వాటికి ఏ సంబంధమూ లేదు. "డిప్లొమా" అన్న పేరు వాడుకోవడానికి వాళ్లు వెనకాడకపోవడానికి కూడా కారణం ఉంది. యూజీసీ చట్టం 22వ సెక్షను "డిగ్రీ" ఇచ్చే హక్కును విశ్వవిద్యాలయాల వంటి సంస్థలకే పరిమితం చేసింది. డిప్లొమాకు అటువంటి సాధారణ నిషేధం లేదు కాబట్టి ఊరూరా డిప్లొమాలే అచ్చవుతున్నాయి, డిగ్రీలు అచ్చువేసే ధైర్యం మాత్రం చాలామంది చేయరు.

విద్యార్థి వైపు నుంచి చూస్తే వినియోగదారుల చట్టం సంగతి కొంత చిక్కుగా ఉంది. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్, వృత్తి కోర్సులతో సహా విద్య అందించే సంస్థలు ఆ చట్టం కిందికి రావనీ, కోచింగ్ కేంద్రాలు మాత్రం వస్తాయనీ తీర్పు చెప్పింది. దానిపై అప్పీలును సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది. కానీ లేని అనుబంధాన్ని ఉందని ప్రకటించుకుని విద్యార్థులను చేర్చుకున్న ఒక దంత వైద్య కళాశాల కేసులో 2009లో సుప్రీంకోర్టే అది సేవాలోపమని చెప్పి, ఫీజు తిరిగి ఇవ్వడంతో పాటు నష్టపరిహారం కూడా చెల్లించమంది. కాబట్టి గుర్తింపు విషయంలో అబద్ధమాడిన సంస్థ "మేము విద్యాసంస్థ, మా మీద వినియోగదారుల కేసు నడవదు" అని తప్పించుకోవడం అంత తేలిక కాదు. ఫిర్యాదుకు రెండేళ్ల కాలపరిమితి ఉంటుంది. ఐదు లక్షల రూపాయల లోపు విలువకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు.

ఫీజు రసీదు గురించి ఒక్క మాట. ఎన్‌సీవీటీ, లేదా రాష్ట్ర స్థాయిలో దానికి సాటి అయిన ఎస్‌సీవీటీ అనుబంధం ఉన్న ఐటీఐలు అప్రెంటిస్‌షిప్ చట్టం కింద గుర్తించిన ట్రేడులు నేర్పితే దానిపై జీఎస్‌టీ ఉండదు. రసీదులో 18 శాతం జీఎస్‌టీ వేసి ఉంటే, ఆ సంస్థే తన కోర్సు ఆ కోవలోకి రాదని పన్ను శాఖకు ఒప్పుకున్నట్టు. జీఎస్‌టీ లేనంత మాత్రాన గుర్తింపు ఉన్నట్టు కాదు, ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయమున్న సంస్థ నమోదే కానక్కరలేదు. అయినా రసీదు చాలా సంగతులు చెబుతుంది.

జవాబు: గోదావరిఖని నుంచి

పై ఇద్దరూ చెప్పినదానికి, ఆ సర్టిఫికెట్లు ఆఖరికి ఎక్కడ ఆగిపోతాయో మా వైపు అనుభవం చెబుతాను. మా చెల్లెలి కొడుకు ఒక ప్రైవేటు కేంద్రంలో ఏడాది "ఎలక్ట్రికల్ డిప్లొమా" చేశాడు. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయను. పని బాగానే వచ్చింది, నేర్పినాయన మంచివాడే. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు దరఖాస్తులో ఐటీఐ వివరాలు రాయవలసిన చోటికి వచ్చేసరికి అర్థమైంది, వాళ్లు అడిగేది ఎన్‌సీవీటీ లేదా ఎస్‌సీవీటీ గుర్తింపు ఉన్న సంస్థ నుంచి పొందిన సర్టిఫికెట్ అని. ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థలో జూనియర్ లైన్‌మన్ పోస్టుకూ అంతే. ఎలక్ట్రికల్ ట్రేడులో ఐటీఐ గానీ, ఇంటర్ వొకేషనల్ గానీ ఉండాలి. సింగరేణిలో అప్రెంటిస్‌గా చేరాలన్నా అడిగేది ఐటీఐ సర్టిఫికెట్టే. మంచి పనివాడన్న పేరుతో ఈ మూడు తలుపుల్లో ఏదీ తెరుచుకోలేదు. వాడు తరువాత మళ్లీ ఐటీఐలో చేరి, తనకు వచ్చిన పనినే రెండేళ్లు మళ్లీ నేర్చుకున్నాడు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఈ సమస్యకు ఇంకో రూపం ఉంది. అక్కడ శిక్షణ కేంద్రమే గల్ఫ్ వీసా కూడా ఇప్పిస్తామంటుంది. విదేశాల్లో ఉద్యోగాలకు మనుషులను పంపాలంటే 1983 నాటి వలసల చట్టం కింద రిక్రూటింగ్ ఏజెంటుగా నమోదై ఉండాలి. అలా నమోదైనవారు కూడా అభ్యర్థి దగ్గర తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ మాత్రమే. శిక్షణ ఫీజు పేరుతో లక్షలు తీసుకుని వీసా కలిపి ఇస్తామన్నారంటే ఈ పరిమితిని దాటడానికే అలా పేరు మారుస్తున్నారని అనుకోవలసి వస్తుంది. సౌదీ అరేబియా ఇప్పుడు ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ వంటి పనులకు వెళ్లేవారికి ఇక్కడే నైపుణ్య పరీక్ష పెడుతోంది. ఆ పరీక్షలో కాగితం కాదు, చెయ్యి చూస్తారు. నర్సంపేట అన్న దగ్గర నేర్చుకున్న పిల్లవాడు అందులో నెగ్గవచ్చు, డిప్లొమా కొనుక్కున్నవాడు నెగ్గలేడు.

జవాబు: టైపు ఇన్‌స్టిట్యూట్, హనుమకొండ

నేను చాలా ఏళ్లుగా టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పే సంస్థ నడుపుతున్నాను. పైన చెప్పినవాటిలో నేను కాదనగలిగింది పెద్దగా లేదు, కానీ ఒక విషయంలో నాకు భిన్నాభిప్రాయం ఉంది.

మా సంస్థలకు సాంకేతిక విద్యా శిక్షణ మండలి గుర్తింపు ఉంటుంది. మేము నేర్పుతాం, లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు మాత్రం మండలి పెడుతుంది, సర్టిఫికెట్ మండలి ఇస్తుంది. మా దగ్గర ఎంత బాగా నేర్చుకున్నా వేగం రాకపోతే ఫెయిలవుతారు. నా దగ్గర కాకుండా ఇంకెక్కడ నేర్చుకున్నా వేగం ఉంటే పాసవుతారు. అందువల్ల నా సంస్థ మీద తనిఖీ భారం పెద్దగా లేకపోయినా, సర్టిఫికెట్ విలువ ఇన్నేళ్లుగా నిలిచింది. టైపిస్టు ఉద్యోగాలకు ఆ సర్టిఫికెట్‌నే అడుగుతారు. చిన్న వృత్తులన్నింటికీ ఈ పద్ధతే ఎందుకు పెట్టకూడదన్నది నా ప్రశ్న. నేర్పేవాడికి హాలు ఎన్ని చదరపు మీటర్లు ఉందో కొలవడం కంటే, నేర్చుకున్నవాడి చేతికి పని వచ్చిందో లేదో స్వతంత్రంగా చూడటం మేలు కదా. ఐటీఐ నిబంధనల ప్రకారం నర్సంపేట వారు అనర్హులే, కాని కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటారుకు వైండింగ్ చేయడంలో ఆయనను మించి నేర్పగలవారు ఎన్ని ఐటీఐలలో ఉన్నారు?

పైగా తనిఖీలు ఎంత గట్టిగా ఉన్నా అవి సక్రమంగా జరుగుతాయన్న హామీ ఏముంది? ఐటీఐల మీద పార్లమెంటు కార్మిక స్థాయీ సంఘం 2018లో ఇచ్చిన నివేదికలోనే, నిబంధనలు పాటించని ప్రైవేటు ఐటీఐలకు అక్రెడిటేషన్ ఎలా దొరికిందని గట్టిగా ప్రశ్నించింది. కాగితం మీద పరికరాల జాబితా పూర్తిగా ఉండి, వర్క్‌షాపులో యంత్రాల మీద దుమ్ము పేరుకున్న సంస్థలను మన జిల్లాల్లో చూడనివారు ఉండరు. ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం పేర్లు మాత్రమే నమోదు చేసి, హాజరు చూడని చోట్లు కూడా ఉన్నాయన్న మాట వింటూనే ఉంటాం.

రాష్ట్ర ప్రభుత్వం చేయగలిగింది ఒకటి ఉంది. లైసెన్సు కాదు, నమోదు. ఫీజు తీసుకుని వృత్తి నేర్పే ప్రతి కేంద్రమూ తన కోర్సు పేరు, కాలవ్యవధి, ఫీజు, పరీక్ష ఎవరు పెడతారు, సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు అన్న ఐదు వివరాలు ఒక పోర్టల్‌లో ప్రకటించి, అదే కాగితాన్ని గోడ మీద అతికించాలన్న నియమం పెడితే చాలు. కోచింగ్ కేంద్రాలకు కేంద్రం 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో తిరిగి ఇవ్వాలన్న నిబంధన ఉంది. అటువంటిది వృత్తి శిక్షణకు కూడా ఉండాలి. మా దగ్గర మధ్యలో మానేసే పిల్లలు ఎక్కువ. పత్తి ఏరే రోజుల్లో హాజరు సగానికి పడిపోతుంది.

జవాబు: విశ్రాంత డీటీవో, వరంగల్

టైపు ఇన్‌స్టిట్యూట్ వారి వాదనలో బలం ఉంది, అయితే కరెంటు పని టైపు పని వంటిది కాదు. టైపు తప్పయితే కాగితం పాడవుతుంది, ఎర్తింగ్ తప్పయితే మనిషి పోతాడు. మన వైపు వ్యవసాయ మోటార్ల దగ్గర షాకు తగిలి చనిపోయిన రైతుల వార్తలు ఏ సీజనులోనూ ఆగవు. అందుకే ఎలక్ట్రీషియన్ విషయంలో చదరపు మీటర్లు, ఇన్సులేషన్ టెస్టర్లు, అనుభవమున్న ఇన్‌స్ట్రక్టరు, ఇవన్నీ చూడవలసిందేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. స్వతంత్ర పరీక్ష ఉండాలన్నదాంట్లో మాత్రం ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తాను. స్థాయీ సంఘం నివేదిక గురించి ఆయన చెప్పింది కూడా నిజమే. ఆ రోజుల్లో శాఖలో ఉన్నవాళ్లం తలదించుకున్న నివేదిక అది.

ఇంకొక విషయం చెప్పడం మరిచాను. ఏ సర్టిఫికెట్ ఉన్నా, వైరింగ్ పనిని చట్టబద్ధంగా చేపట్టడానికి చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ పరిధిలోని లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్, కాంట్రాక్టర్ లైసెన్సు వేరుగా ఉంటాయి. శిక్షణ సర్టిఫికెట్టే పర్మిట్ అనుకునేవారు చాలామంది ఉన్నారు. మీ పిల్లలకు ఈ తేడా మొదటి రోజే చెప్పండి.

నర్సంపేట వైండింగ్

అందరికీ ధన్యవాదాలు. న్యాయవాది గారు చెప్పినట్టు ఒప్పంద పత్రం మళ్లీ తీసి చదివాను. బాధ్యత ఫ్రాంచైజీదారుదేనన్న వాక్యం నిజంగానే నాలుగో పేజీలో ఉంది. ఆయనకు వద్దని చెప్పేశాను.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఇప్పుడు నేను ఫీజు తీసుకోకుండా, దుకాణంలో పనివాళ్లుగానే పిల్లలను పెట్టుకుని నేర్పితే దానికైనా గుర్తింపు వచ్చే మార్గం ఉందా? మా దుకాణంలో ఇప్పుడు నాతో కాక ఐదుగురు పనిచేస్తున్నారు. రెండోది, కోర్సు పెడితే బోర్డు మీద ఏమి రాయించాలి?

జవాబు: విశ్రాంత డీటీవో, వరంగల్

మొదటిదానికి మార్గం ఉంది, 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం. నలుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ ఇష్టముంటే అప్రెంటిస్‌లను తీసుకోవచ్చు. 30 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే తీసుకోవడం తప్పనిసరి. జాతీయ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో దుకాణాన్ని నమోదు చేసి, పిల్లవాడితో ఒప్పందం రాసుకుని, నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి. దానిలో 25 శాతం, 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. అంటే పిల్లలు మీకు ఫీజు కట్టడం కాదు, మీరే వాళ్లకు డబ్బు ఇవ్వాలి. మీ దుకాణం పరిమాణానికి తీసుకోగల సంఖ్య చాలా తక్కువే ఉంటుంది. అయినా, కాలం పూర్తయ్యాక పరీక్షలో నెగ్గితే వచ్చే సర్టిఫికెట్‌కు ఎవరూ వంక పెట్టలేరు. మీరు ఇన్నేళ్లుగా ఉచితంగా చేస్తున్న పనికి ఇదే దగ్గరి రూపం.

బోర్డు సంగతి. "మోటారు రివైండింగ్, హౌస్ వైరింగ్ పని నేర్పబడును, ఆరు నెలలు" అని రాయించండి. "ప్రభుత్వ గుర్తింపు", "జాతీయ", "డిప్లొమా", "ఉద్యోగ హామీ" అన్నవి ఏవీ వద్దు. దరఖాస్తు ఫారం మీద, పిల్లవాడి తండ్రి సంతకం పెట్టే చోటికి పైన, "ఇది ఐటీఐ సర్టిఫికెట్ కాదు, రైల్వే, విద్యుత్ సంస్థల ఉద్యోగాలకు దీనిని అర్హతగా తీసుకోరు" అన్న వాక్యం పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి. దానివల్ల కొందరు వెనక్కి వెళ్లిపోతారు, అది సహజమే. ఉద్యోగమే కావాలన్న వాళ్లను ఐటీఐ అడ్మిషన్లు తెరిచినప్పుడు అటు పంపండి. పదో తరగతి మార్కుల మీద సీట్లు ఇస్తారు, అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా ఉంది. మీ దగ్గర పనిచేస్తున్న ఐదుగురిలో ఆర్‌పీఎల్‌కు సిద్ధంగా ఉన్నవాళ్ల వయసు, చదువు, పని అనుభవం రాసి పెట్టుకుని, స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ పోర్టల్‌లో నమోదు మొదలుపెట్టండి. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకటిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, చాలా దరఖాస్తులు ఆగిపోయేది అక్కడే.